అద్దె ఇంటి బాత్రూమ్‌పై చేయి వేసే ముందు

ఓనర్‌కు ఒక మాట చెప్పి, ఉన్నది ఉన్నట్టు ఫొటోలు తీసి వాట్సాప్‌లో పంపండి. ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్స్‌లో కోత పెడతామంటే అవే దిక్కు.

• అన్నిటికన్నా ముందు నేల ఏమిటో చూడండి. కర్నూలు, కడప వైపు పాత ఇళ్లలో కడప నల్లబండలో, బేతంచర్ల నాపబండలో ఉంటాయి. రెండూ సున్నపురాయే. యాసిడ్ పడితే బుసబుసా పొంగి, నునుపు పోయి మచ్చ కడుతుంది. ఎంత తోమినా ఇక పోదు. వాటికి సబ్బునీళ్లు, బ్రష్ చాలు.

• బోరునీళ్లకు తెల్లగా గారకట్టిన కుళాయికి నిమ్మచెక్క రుద్ది, పావుగంటాగి కడగండి. నిమ్మరసమూ ఆ బండకు పడదు, కింద మగ్గు పెట్టుకోండి.

• టైల్స్‌కు యాసిడ్ తప్పదంటే గ్లౌజులు వేసుకుని, కిటికీ తెరవండి. బ్లీచింగ్ పౌడర్‌తో మాత్రం కలపనే వద్దు, క్లోరిన్ వాయువు పుడుతుంది. ఒకటి వాడిన రోజు రెండోది ముట్టకండి.

• గోడ తడిపే ముందు గీజర్ మెయిన్ ఆపండి.

• డ్రిల్లు వద్దు, లోపల పైపు ఎటు పోయిందో ఎవరికి తెలుసు? అతికించే హుక్కులు టైల్ మీద నిలుస్తాయి, సున్నం గోడ మీద నిలవవు.

• సందుల్లో వైట్ సిమెంట్ పూస్తే రాత్రంతా ఆరాలి. ఇంటిల్లిపాదీ స్నానాలు ముందే కానివ్వండి.