లాథ్లిస్‌తో డ్రాగన్ డెక్: ముందు మానా, తరువాతే డ్రాగన్లు

మ్యాజిక్: ది గ్యాదరింగ్ అనే కార్డుల ఆట నేర్చుకున్న వారిలో డ్రాగన్ల మీద మోజు పడని వారు అరుదు. 1993లో వచ్చిన మొట్టమొదటి సెట్‌లోనే (సెట్ అంటే ఒకేసారి విడుదలయ్యే కార్డుల సముదాయం) షివన్ డ్రాగన్ ఉంది. ఈనాడు కమాండర్ అని పిలిచే ఆట పద్ధతికి తొలినాళ్లలో ఎల్డర్ డ్రాగన్ హైలాండర్ అన్న పేరు రావడానికి 1994 నాటి లెజెండ్స్ సెట్‌లోని ఐదు ఎల్డర్ డ్రాగన్లే కారణం. సెలవులకు అమలాపురమో, భీమవరమో, కాకినాడో వచ్చిన నలుగురు స్నేహితులు ఒక బల్ల చుట్టూ కూర్చుని సాయంత్రమంతా ఆడుకోవడానికి ఈ కమాండర్ పద్ధతే అనువైనది కనుక, ఇక్కడ చెప్పబోయే డెక్‌ను, అంటే ఆటగాడి కార్డుల కట్టను, దాని కోసమే కూర్చుదాం. ఇందులో కమాండర్‌తో (డెక్‌కు నాయకత్వం వహించే ప్రత్యేక కార్డుతో) కలిపి సరిగ్గా 100 కార్డులు ఉండాలి; మౌంటెన్ వంటి బేసిక్ ల్యాండ్లు (మిగతా కార్డులు వేయడానికి ఖర్చయ్యే మానా అనే శక్తినిచ్చే మామూలు కార్డులు) తప్ప ఏ కార్డూ రెండోసారి రాకూడదు; ఒక్కొక్కరికి 40 లైఫ్ ఉంటుంది; ఒకే కమాండర్ దాడులలో మొత్తం 21 దెబ్బలు (ఒక్కో దెబ్బకు ఒక లైఫ్ పోతుంది) తిన్నవారు లైఫ్ ఎంత మిగిలినా ఓడిపోతారు.

డ్రాగన్ డెక్ కూర్చే వారు సాధారణంగా నచ్చిన డ్రాగన్లను ముందు ఏరుకుని, మిగిలిన చోట ల్యాండ్లను నింపుతారు. ఆ వరుసలో కూర్చిన డెక్ బల్ల మీద నిలవదు. మంచి డ్రాగన్లలో చాలావాటి ఖరీదు ఐదు నుంచి ఎనిమిది మానా వరకు ఉంటుంది. చేతినిండా అవే ఉండి బల్ల మీద మూడు ల్యాండ్లే ఉన్న ఆటగాడు ఎదుటివారి ఆట చూస్తూ కూర్చోవలసిందే. ధవళేశ్వరం నుంచి కాలువకు నీరు ఎప్పుడు వస్తుందో తెలుసుకోకుండా నారు పోసే రైతు మన డెల్టాలో ఉండడు. ఈ డెక్‌లో మానాకు ఇవ్వవలసిన స్థానం కూడా అదే.

కమాండర్ ఎంపికతో మొదలుపెడదాం. అందరి కన్నూ పడేది 2017లో వచ్చిన ది ఊర్-డ్రాగన్ మీద. అది కమాండ్ జోన్‌లో (కమాండర్ బల్ల మీదికి రాకముందు వేచి ఉండే చోట) ఉన్నప్పటి నుంచే మన ఇతర డ్రాగన్ల ఖరీదును ఒక్కొక్క మానా చొప్పున తగ్గిస్తుంది, ఐదు రంగుల డ్రాగన్లనూ వాడుకోనిస్తుంది. అయితే ఐదు రంగుల మానా సకాలంలో అందాలంటే ఖరీదైన ల్యాండ్లు చాలా కావాలి. చవక ల్యాండ్లతో సరిపెడితే అవి సగం ట్యాప్ అయి, అంటే వెంటనే వాడుకోలేని స్థితిలో, వస్తాయి, ఒక వంతు (మన ఆట వచ్చే ఒక టర్న్) వెనుకబడిపోతాం. 2022లో వచ్చిన మీరిమ్, సెంటినల్ వర్మ్ మూడు రంగులది. టోకెన్ (డెక్‌లోంచి కాక మరో కార్డు శక్తితో పుట్టే జీవి) కాని మరో డ్రాగన్ వచ్చిన ప్రతిసారీ దానికి నకలు తయారు చేస్తుంది కాబట్టి అనుభవం ఉన్నవారికి గొప్ప కమాండర్. మొదటి డ్రాగన్ డెక్ కూర్చేవారికి మాత్రం నేను గట్టిగా సూచించేది 2018లో వచ్చిన ‘కోర్ సెట్ 2019’లోని లాథ్లిస్, డ్రాగన్ క్వీన్. ఆరు మానాకు వచ్చే ఈ 6/6 (దాడి బలం 6, తట్టుకునే బలం 6) డ్రాగన్ పూర్తిగా ఎరుపు రంగుది. టోకెన్ కాని మరో డ్రాగన్ మన పక్షాన వచ్చినప్పుడల్లా ఎగిరే 5/5 డ్రాగన్ టోకెన్ ఒకటి దానితో పాటు వస్తుంది. రంగు ఒక్కటే కనుక ల్యాండ్లలో అత్యధికం మామూలు మౌంటెన్లే; నగరాల దుకాణాల నుంచి కొరియర్‌లో కార్డులు తెప్పించుకోవలసిన మన ప్రాంతం వారికి ఇది ఖర్చులోనూ కలిసివచ్చే విషయం.

కమాండర్ పోగా మిగిలిన 99 కార్డులలో 38 ల్యాండ్లు, 13 మానాను పెంచే లేదా డ్రాగన్ల ఖరీదును తగ్గించే కార్డులు, 22 డ్రాగన్లు, చేతికి కొత్త కార్డులు తెచ్చిపెట్టేవి 9, 8 ఎదుటివారి కార్డులను తొలగించేవి, 6 డ్రాగన్లకు రక్షణో వేగమో ఇచ్చేవి, చివరి 3 మీ ఇష్టానికి. అంటే 51 కార్డులు, సగానికి పైగా, మానా కోసమే. ఇది ఎక్కువగా కనిపిస్తుంది గాని లెక్క చూస్తే కాదు. 99లో 38 ల్యాండ్లు ఉంటే మొదటి ఏడు కార్డులలో సగటున 2.7 వస్తాయి, నాలుగో వంతుకు, అంటే 11 కార్డులు చూసేసరికి, సగటు 4.2 అవుతుంది. వంతుకొక ల్యాండ్ వేయడానికి అది సరిగ్గా సరిపోతుంది, అంతకు మించి మిగలదు.

ఆ 13 కార్డులలో పదింటి ఖరీదు రెండు మానాకు మించకుండా చూసుకోవాలి. సోల్ రింగ్, ఆర్కేన్ సిగ్నెట్, మైండ్ స్టోన్, ఫైర్ డైమండ్, థాట్ వెస్సెల్, రూబీ మెడాలియన్, డ్రాగన్‌లార్డ్స్ సర్వెంట్ ఈ కోవలోవి. రెండో వంతుకు మనం చూసేది తొమ్మిది కార్డులే. ఇలాంటివి డెక్‌లో ఐదే ఉంటే వాటిలో ఒకటైనా అప్పటికి చేతికి వచ్చే అవకాశం దాదాపు 39 శాతం. పది ఉంటే దాదాపు 63 శాతం. డెక్ నడకలో ఇంత తేడా తెచ్చే మార్పు మరొకటి లేదు. మిగిలిన మూడింటిలో డ్రాగన్‌స్పీకర్ షామన్, హెరాల్డ్స్ హార్న్, ఉర్జాస్ ఇంక్యుబేటర్ పెట్టండి.

ఈ ఏర్పాటు బల్ల మీద ఎలా పనిచేస్తుందో వంతు వంతుగా చూద్దాం. వంతుకొక మౌంటెన్ వేస్తూ, రెండో వంతులో డ్రాగన్‌లార్డ్స్ సర్వెంట్‌ను, మూడో వంతులో డ్రాగన్‌స్పీకర్ షామన్‌ను దించామనుకుందాం. మొదటిది డ్రాగన్ల ఖరీదులో ఒకటి, రెండోది రెండు తగ్గిస్తాయి. నాలుగో వంతులో లాథ్లిస్ ఆరు మానాకు బదులు మూడింటికే వస్తుంది. ఐదో వంతులో ఐదు మౌంటెన్లు ఉంటాయి. రెండింటితో డ్రాగన్ టెంపెస్ట్ వేసి, మిగిలిన మూడింటితో స్కర్జ్ ఆఫ్ వాల్కాస్ వేయవచ్చు. దీని అసలు ఖరీదు ఐదు, అందులో మూడు ఎరుపు మానా. తగ్గింపు రంగు లేని భాగానికే వర్తిస్తుంది కనుక మనకు మూడు తగ్గే వీలున్నా ఇక్కడ రెండే తగ్గుతాయి. కార్డులు ఎంచుకునేటప్పుడు ఈ నియమాన్ని మరచిపోకూడదు.

స్కర్జ్ బల్ల మీదికి రాగానే దాని సొంత శక్తి, టెంపెస్ట్ శక్తి, లాథ్లిస్ శక్తి ఒకేసారి మేలుకుంటాయి, వాటి వరుసను నిర్ణయించేది మనమే. లాథ్లిస్ శక్తి ముందు ఫలించేలా పేర్చితే 5/5 టోకెన్ వెంటనే వస్తుంది, దాని రాకతో స్కర్జ్, టెంపెస్ట్ మరోసారి పనిచేస్తాయి. ఈ రెండింటి శక్తీ మన డ్రాగన్లు ఎన్ని ఉంటే అన్ని దెబ్బలు వేయడం; అప్పటికి మన డ్రాగన్లు మూడు కనుక ఒక్కొక్క శక్తి మూడేసి దెబ్బలు వేస్తుంది. నాలుగింటికి కలిపి 12. వరుస తిరగేస్తే మొదటి రెండు శక్తులు రెండేసి దెబ్బలే వేస్తాయి, మొత్తం 10కి పడిపోతుంది. పైగా టెంపెస్ట్ వల్ల ఎగిరే జీవులన్నీ వచ్చిన వంతులోనే దాడి చేయగలవు కాబట్టి లాథ్లిస్ 6, టోకెన్ 5, స్కర్జ్ 4 కలిపి మరో 15 దెబ్బలు గాలిలోంచి వెళతాయి. ఎదుటివారు అడ్డుకోలేకపోతే 40 లైఫ్‌లో 27 ఒక్క వంతులో పోతుంది. ప్రతి ఆట ఇంత చక్కగా కుదరదు, కానీ డెక్‌ను కూర్చేది ఇలాంటి వంతు వీలైనన్నిసార్లు రావడానికే.

డ్రాగన్లను ఎంచేటప్పుడు ఖరీదు మెట్లను చూడాలి. నాలుగు మానాకు థండర్‌బ్రేక్ రీజెంట్, ఐదింటికి గ్లోరీబ్రింగర్, స్కర్జ్ ఆఫ్ వాల్కాస్ వంటివి దాదాపు సగం ఉండాలి. ఆరింటికి హెల్‌కైట్ టైరెంట్, ఏడింటికి బేల్‌ఫైర్ డ్రాగన్, నోల్‌స్పైన్ డ్రాగన్ వంటివి మిగతా సగం. ఎనిమిది మానాకు ఊట్వారా హెల్‌కైట్ ఒక్కటి చాలు. దాడి చేసే మన ప్రతి డ్రాగన్‌కూ ఒక 6/6 టోకెన్ ఇస్తుంది కనుక ఆట దానితోనే ముగుస్తుంది. ఆ టోకెన్లు లాథ్లిస్ శక్తిని మేల్కొలపవు, స్కర్జ్ శక్తిని మేల్కొలుపుతాయి. ఈ తేడా కార్డు మీది వాక్యంలోనే ఉంటుంది, జాగ్రత్తగా చదవాలి. టెర్రర్ ఆఫ్ ది పీక్స్ వంటి ఖరీదైన డ్రాగన్ కోసం మొదటే డబ్బు పోయనవసరం లేదు. ఆ సొమ్ముతో పైన చెప్పిన మానా కార్డులన్నీ పూర్తి చేసుకుంటే డెక్ ఎక్కువ గెలుస్తుంది.

ఎరుపు రంగుకు కార్డులు తెచ్చుకునే శక్తి తక్కువ కాబట్టి డ్రాగన్స్ హోర్డ్, వ్యాంక్విషర్స్ బ్యానర్, సార్కాన్, ఫైర్‌బ్లడ్ తప్పక ఉండాలి. తొలగింపులకు కేయాస్ వార్ప్, వ్యాండల్‌బ్లాస్ట్, అబ్రేడ్ సరిపోతాయి. బ్లాస్ఫెమస్ యాక్ట్ ప్రతి జీవికీ 13 దెబ్బలు వేస్తుంది, అందులో మన డ్రాగన్లూ పోతాయి కనుక వెనుకబడినప్పుడే వాడాలి. లైట్నింగ్ గ్రీవ్స్, స్విఫ్ట్‌ఫుట్ బూట్స్ కమాండర్ కోసం. లాథ్లిస్ చనిపోయి కమాండ్ జోన్‌కు తిరిగి వెళ్లిన ప్రతిసారీ ఖరీదు రెండేసి మానా పెరుగుతుంది, కాబట్టి ఆమెను కాపాడుకోవడానికి పెట్టిన కార్డు వృథా కాదు. ల్యాండ్లలో హేవెన్ ఆఫ్ ది స్పిరిట్ డ్రాగన్ ఒకటి ఉంటే గ్రేవ్‌యార్డ్‌కు (చనిపోయిన, వాడేసిన కార్డుల కట్టకు) చేరిన ఒక డ్రాగన్‌ను అవసరానికి తిరిగి చేతికి తెచ్చుకోవచ్చు.

అన్నీ దొరికే వరకు ఆగనవసరం లేదు. లేని కార్డులకు కాగితపు నకళ్లు స్లీవ్‌లో (ప్లాస్టిక్ తొడుగులో) పెట్టుకుని స్నేహితుల అంగీకారంతో ఆడుకోవచ్చు. అధికారిక పోటీలలో మాత్రం అవి చెల్లవు. ఇంట్లో పెద్దలు చేతిలో ముక్కలు చూసి పేకాట అనుకోవడం మన జిల్లాల్లో సహజం. పక్కన కూర్చోబెట్టుకుని ఒక ఆట చూపించండి, ఎన్నడూ పందెం పెట్టకండి.

గోదావరి జిల్లాల వాతావరణం కార్డులకు మంచిది కాదు. ముఖ్యంగా మెరిసే ఫాయిల్ కార్డులలో తేమకు కాగితపు పొర ఉబ్బుతుంది, పైనున్న ఫాయిల్ పొర ఉబ్బదు, దానితో కార్డు బొమ్మ వైపుకు వంపు తిరుగుతుంది. వంగిన కార్డు కట్టలో ఎక్కడుందో పక్కనుంచి చూస్తేనే తెలిసిపోతుంది కాబట్టి అది ఆటకు పనికిరాదు. అందుకని ఈ డెక్‌కు ఫాయిల్ కానివే కొనండి. కార్డు కొలత 63, 88 మిల్లీమీటర్లు. దానికి సరిపోయే స్లీవ్‌లు తొడిగి, గట్టిగా మూత పడే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పాటు ఉంచండి. వానాకాలంలో పొట్లాలను తరచుగా మార్చాలి.

నలుగురిలో ఆడే ముందు ఒంటరిగా పరీక్షించండి. బాగా కలిపి ఏడు కార్డులు తీసి, ఎదుట ఎవరూ లేనట్టే ఐదు వంతులు ఆడి చూడండి. మూడు ల్యాండ్లు, ఒక రెండు మానా కార్డు ఉన్న చేయి ఉంచుకోదగ్గది. పెద్ద డ్రాగన్లు ఐదు ఉన్న చేయి ఎంత అందంగా కనిపించినా వదిలేయాలి. కమాండర్‌లో మొదటిసారి చేయి మార్చుకోవడానికి కార్డు నష్టం కూడా ఉండదు. సగానికి పైగా ప్రయత్నాలలో ఐదో వంతు ముగిసేలోపు లాథ్లిస్ బల్ల మీదికి రాకపోతే, ఏడు మానా డ్రాగన్లలో రెండింటిని తీసి రెండు మానా కార్డులు చేర్చండి. అసలు ఆటలో అందరూ డ్రాగన్ డెక్ మీదే గురిపెడతారు, బల్లంతా తుడిచిపెట్టే కార్డు ఎవరో ఒకరి దగ్గర ఉండనే ఉంటుంది. గెలిచే వంతు వచ్చేవరకు కనీసం ఒక డ్రాగన్‌ను చేతిలోనే దాచుకోండి.