మన డివిజన్‌కు స్విమ్మింగ్ పూల్: అర్జీ ఎవరికివ్వాలి, ఏం రాయాలి?

తిరుపతి నగరపాలక సంస్థలో 50 డివిజన్లున్నాయి. వేసవి సెలవులొస్తే ఏ డివిజన్‌లో విన్నా ఒకటే మాట: పిల్లలకు ఈత నేర్పించాలి, బావికో చెరువుకో పంపాలంటే భయం, ప్రైవేటు పూల్ ఫీజు కట్టలేం. అలాగని ‘మా ప్రాంతంలో స్విమ్మింగ్ పూల్ కట్టించండి’ అని ఒక్క వాక్యం రాసిస్తే ఆ కాగితం ఫైల్లోనే ఉండిపోతుంది.

ముందు ఒకటి తేల్చుకోండి. కొత్త పూల్ కావాలా, ఉన్నదాంట్లో సమయం దొరికితే చాలా? రెండోదైతే పని తేలిక. శ్రీనివాస క్రీడా సముదాయం లాంటి ప్రభుత్వ ప్రాంగణాల వ్యవహారాలు జిల్లా క్రీడాభివృద్ధి అధికారి చూస్తారు. ఆడవాళ్లకు విడిగా ఒక బ్యాచ్, సర్కారు బడి పిల్లలకు ఫీజు రాయితీ, సెలవుల్లో శిక్షణ శిబిరం లాంటివి ఆ కార్యాలయంలోనే అడగొచ్చు. కోట్ల రూపాయలతో పనిలేదు. నన్నడిగితే మొదటి అర్జీ ఇదే కావాలి.

కొత్తదే కావాలంటే స్థలంతో మొదలుపెట్టాలి. మన ఊళ్లో ఖాళీ జాగా కనబడితే అది ప్రభుత్వానిదే అనుకోవద్దు. టీటీడీది కావచ్చు, హథీరాంజీ మఠానిది కావచ్చు, కోర్టులో నలుగుతున్నదీ కావచ్చు. వార్డు సచివాలయంలోనో తహసీల్దారు కార్యాలయంలోనో సర్వే నంబరు, విస్తీర్ణం, ఎవరి పేరున ఉందో కనుక్కుని అర్జీలో రాయండి. లేఅవుట్‌లో పార్కు కోసం వదిలిన స్థలమైతే వేరేది చూసుకోవడం మేలు, లేకపోతే ఆ గొడవే ఏళ్ల తరబడి సాగుతుంది.

కట్టడానికి డబ్బు మూడు దారుల్లో రావచ్చు. ఒకటి, కార్పొరేషన్ సొంత నిధులు. ఇందుకు అర్జీ కమిషనర్ పేరున ఉండాలి. రెండు, ఎంపీ నిధులు. ఎంపీ సిఫారసు చేస్తారు, మంజూరు మాత్రం జిల్లా యంత్రాంగం చేతిలో ఉంటుంది. ఏడాదికి 5 కోట్లు అంటే పెద్ద మొత్తంగానే వినిపిస్తుంది గానీ, తిరుపతి పార్లమెంటు పరిధిలో ఏడు అసెంబ్లీ నియోజకవర్గాలున్నాయన్నది గుర్తుంచుకోండి. మూడు, కేంద్రం నడిపే ఖేలో ఇండియా. దానికి మనం నేరుగా రాస్తే కుదరదు, ప్రతిపాదన రాష్ట్ర ప్రభుత్వం ద్వారా వెళ్లాలి.

అసలు చిక్కు కట్టిన తర్వాతే మొదలవుతుంది. 25 మీటర్ల పొడవు, 12.5 మీటర్ల వెడల్పు, సగటున 1.3 మీటర్ల లోతున్న పూల్ నిండాలంటే దాదాపు 4 లక్షల లీటర్లు కావాలి. మనిషికి రోజుకు 135 లీటర్ల లెక్కన అది మూడు వేల మందికి ఒక రోజు నీళ్లు. కల్యాణి డ్యామ్, కండలేరు మీద ఆధారపడిన ఊళ్లో అధికారి మొదట అడిగేదీ ఇదే. ఫిల్టర్ సరిగ్గా పనిచేస్తే ఆ నీళ్లనే శుద్ధి చేసి మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు. కానీ ఫిల్టర్‌కు కరెంటు కావాలి, క్లోరిన్ కొనాలి, లైఫ్‌గార్డుకు, కోచ్‌కు జీతాలివ్వాలి. ఎంపీ నిధులతో ఈ రోజువారీ ఖర్చులు పెట్టడానికి వీల్లేదు. అందుకే నెలవారీ ఖర్చు ఎవరు భరిస్తారో అర్జీలోనే అడగాలి.

ఇలా రాయొచ్చు:

‘అయ్యా, మా డివిజన్‌లో సర్వే నంబరు ....లో ప్రభుత్వ స్థలం ఉన్నది. అందులో 25 మీటర్ల ఈత కొలను నిర్మాణానికి అంచనా వేయించవలసిందిగా కోరుతున్నాము. నిర్వహణ బాధ్యత ఏ శాఖ తీసుకుంటుందో, పిల్లలకు, మహిళలకు ఏ సమయాలు కేటాయిస్తారో కూడా తెలియజేయగలరు.’

‘కట్టించండి’ అనే బదులు ‘అంచనా వేయించండి’ అంటే ఇంజినీరింగ్ విభాగానికి ఫైలు పంపడానికి ఒక కారణం దొరుకుతుంది. దగ్గర్లోని బడుల పేర్లు, డివిజన్‌వాసుల సంతకాలు జత చేయండి.

సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఈ అర్జీ ఇవ్వొచ్చు. రసీదు తీసుకోకుండా రావద్దు. అర్జీ ఎక్కడుందో 1100కు ఫోన్ చేసి కనుక్కోవచ్చు. ‘పరిశీలనలో ఉంది’ అన్న జవాబే పదే పదే వస్తుంటే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. కార్పొరేషన్ స్థాయిలో ఫీజు 10 రూపాయలు, దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి ఉచితం, గడువు 30 రోజులు. అందులో ‘ఎందుకు కట్టలేదు’ అని అడిగితే జవాబు రాదు, కారణాలు చెప్పే పని వాళ్లది కాదంటారు. అర్జీ మీద ఏ తేదీన ఎవరు ఏం రాశారో ఆ నోట్ ఫైలు నకలు అడగండి.