కుట్టే ఈగను గుర్తుపట్టి కొట్టాన్ని కాపాడుకోవడం

నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో కొట్టం దగ్గర కనిపించే ప్రతి ఈగా ఇంటి ఈగ కాదు. గోడమీద వాలినదాన్ని దగ్గరగా చూడండి. తలకింద నుంచి సూదిలా ముందుకు పొడుచుకొచ్చిన మూతి ఉంటే అది రక్తం తాగే కొట్టపు ఈగ. పగటిపూట ఎక్కువగా బర్రె కాళ్లమీద కుడుతుంది. ఎద్దు ఊరికే కాళ్లు తాటిస్తుంటే అనుమానించాల్సింది దీన్నే. ఒంటిమీద గడ్డలు లేపే లంపీ స్కిన్ వైరస్‌ను ఒక పశువు నుంచి మరోదానికి మోసేవాటిలో ఇదీ ఒకటి.

జోరీగ చాలా పెద్దది, ఆడదే రక్తం తాగుతుంది. పశువు తోకతో కొడితే సగంలో లేచి, తడి మూతితోనే పక్కదానిమీద వాలుతుంది. రక్తంలో పరాన్నజీవి చేరి వచ్చే సర్రా జబ్బు అంటుకునేది ఇలాగే. అందుకే జబ్బు పశువును మందకు కనీసం 50 మీటర్ల దూరంలో కట్టేయండి. జ్వరం ఎక్కువగా ఉన్నప్పుడే రక్త పరీక్ష చేయించండి, తగ్గాక పరాన్నజీవి కనబడకపోవచ్చు.

1–3 మిల్లీమీటర్ల నుసి ఈగలు గొర్రెలకు నీలినాలుక జబ్బు తెస్తాయి. పొద్దుగూకాక మందను బురద దగ్గర ఉంచకండి, వానలకు ముందే టీకా వేయించండి. గోడ పగుళ్లలో ఉండే ఇసుక ఈగ మన చిన్నపిల్లలకు మెదడువాపు తెచ్చే చండీపురా వైరస్ అంటించగలదు. పగుళ్లు పూడ్చి అలకండి.

ఈగల మందు వీపుమీదే కొడితే కొట్టపు ఈగ తగ్గదు, కాళ్లకూ పొట్టకిందా తగలాలి. అంతకన్నా ముఖ్యం, ఉచ్చతో నానిన గడ్డిని వారానికి రెండుసార్లు ఎత్తి పలుచగా ఎండబెట్టడం. గుడ్డు ఈగ కావడానికి రెండు మూడు వారాలు పడుతుంది, ఆ గడ్డిలో పెరిగే పురుగు ఆలోపే ఎండి చస్తుంది.