ఒరోస్కో ‘కందకం’ చిత్రాన్ని చూసే పద్ధతి

మెక్సికో నగరపు పాత భాగంలోని శాన్ ఇల్దెఫోన్సో భవనం మొదట జెసూట్లు అనే క్యాథలిక్ మతసంఘం వారి విద్యాలయం, తరువాత విశ్వవిద్యాలయ చదువుకు సిద్ధం చేసే జాతీయ సన్నాహక పాఠశాల, ఇప్పుడు మ్యూజియం. దాని పెద్ద ప్రాంగణానికి ఉత్తరాన ఉన్న వసారా గోడలపై, మూడు అంతస్తుల్లోనూ మెక్సికో చిత్రకారుడు హోసే క్లెమెంటే ఒరోస్కో కుడ్యచిత్రాలు ఉన్నాయి. 1926లో ఆయన వేసిన ‘కందకం’ వాటిలో కింది అంతస్తుకు చెందినది. సామాజిక పోరాటం, మానవ సంఘీభావం అనే రెండు మాటలు దాని పరిచయాల్లో తప్పక ఎదురవుతాయి. ఆ మాటలు సరైనవే అయినా, వాటిని ముందుగా మనసులో నింపుకుని వెళ్లినవారికి గోడమీద ఆ మాటలే కనిపిస్తాయి గాని బొమ్మ కనిపించదు. కాబట్టి వివరణ పలకను చివరికి వదిలిపెట్టడం మంచిది.

మొదట ప్రాంగణంలోనే ఆగి, వసారా కమాను గుండా చిత్రాన్ని దూరం నుంచి చూడాలి. అక్కడి నుంచి మనుషుల వివరాలు అంతగా తెలియవు. ముదురు ఎరుపు నేపథ్యం మీద ఏటవాలుగా ఒకదానినొకటి కోసుకుపోతున్న రేఖలు మాత్రం స్పష్టంగా తెలుస్తాయి. ఆ రేఖల్లో కొన్ని దేహాలు, కొన్ని దూలాలు, బండలు. దేహం ఎక్కడ ముగిసి రాయి ఎక్కడ మొదలవుతుందో కాసేపు తేల్చుకోలేకపోతే, చూపు సరైన చోటే ఉన్నదని అనుకోవచ్చు.

తరువాత దగ్గరికి వెళ్లి, కథ కోసం వెతకకుండా బరువు కోసం వెతకాలి. ఏ దేహపు బరువు దేని మీద ఆనుతున్నది, ఏ కండరం ఇంకా బిగిసి ఉన్నది, ఏది సడలిపోయింది అని ఒక్కొక్కరినే పరిశీలించాలి. ఇద్దరు బండల అడ్డుగోడకు ఒరిగి ఉన్నారు. మూడవవాడు మోకాళ్లపై కూలబడి చేతితో ముఖం కప్పుకున్నాడు. ముగ్గురిలో ఏ ఒక్కరి ముఖమూ మనకు సరిగా చిక్కదు. వారు ఒకరినొకరు చూసుకోవడం లేదు, చేయి చేయి కలపడం లేదు, ఓదార్చుకోవడమూ లేదు. అయినా ముగ్గురిలో ఏ ఒక్కరిని తొలగించి ఊహించుకున్నా మిగిలిన ఇద్దరి అమరిక కూలిపోతుంది. ఈ చిత్రంలో సంఘీభావం ఏదైనా ఉంటే అది భావోద్వేగంలో కాక ఈ అమరికలోనే ఉన్నదని నా అభిప్రాయం. కావాలంటే ఒక దేహాన్ని అరచేతితో కంటికి మరుగుచేసి చూడవచ్చు. ఈ చిత్రపు అచ్చుప్రతి ముందు కూర్చుని చూసేవారికి ఈ పని మరింత సులువు.

నడిమి మనిషి చాచిన చేతులు శిలువను గుర్తుకు తెస్తాయి. ఆ పోలికను గమనించాలి గాని అక్కడే ఆగిపోకూడదు. ఒరోస్కో ఇదే భవనంలో అంతకు ముందు తన శిలువను తానే ధ్వంసం చేస్తున్న క్రీస్తును చిత్రించి, తరువాత దానిని చెరిపివేసి, తలను మాత్రం ఉంచి దాని చుట్టూ ‘సమ్మె’ అనే చిత్రాన్ని వేశాడు. అంటే మతచిహ్నం ఆయనకు ముడిసరుకు. దానిని విరిచి వాడుకోవడం ఆయన అలవాటు.

ఇక గోడ ఉపరితలం. ఇది ఫ్రెస్కో పద్ధతి: తడి ఆరని సున్నపు గార మీద నీటిలో కలిపిన రంగులు వేస్తే, సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుని గట్టిపడుతూ రంగును తనలో బంధిస్తుంది. గార తడి ఆరేలోగా ఆ భాగం పూర్తి కావాలి గనుక, ఏ రోజుకు ఆ రోజు వేయగలిగినంత మేరకే గార పూస్తారు. ఏటవాలుగా పడే వెలుతురులో ఆ రోజుల మధ్య అతుకులు కొన్నిచోట్ల కంటికి దొరకవచ్చు. అయితే వేలితో తడిమి మాత్రం చూడకూడదు.

ఇప్పుడు చరిత్ర చదవవచ్చు. 1883లో పుట్టిన ఒరోస్కో యౌవనంలో తుపాకిమందు ప్రమాదంలో ఎడమ చేయి పోగొట్టుకున్నాడు. 1910లో మొదలైన మెక్సికో విప్లవకాలంలో ఆయన పత్రికలకు వ్యంగ్యచిత్రాలు గీశాడు. విద్యామంత్రి హోసే వాస్కోన్సెలోస్ ప్రోత్సాహంతో సాగిన కుడ్యచిత్ర కార్యక్రమంలో భాగంగా 1923లో ఈ గోడల పని చేపట్టాడు. 1924లో విద్యార్థులు చిత్రాలను పాడుచేయడంతో పని ఆగిపోయింది. 1926లో తిరిగి వచ్చి, తన పాత చిత్రాల్లో చాలావాటిని తానే తీసివేసి కొత్తవి వేశాడు. ఆ తిరిగి రావడంలో పుట్టినదే ‘కందకం’. ఇందులో విజయపతాకం గాని, శత్రువు గాని ఎందుకు లేరో అప్పుడు కొంత అర్థమవుతుంది.

సమయం మిగిలితే, దగ్గరలోనే నడిచి చేరగల విద్యాశాఖ భవనానికి వెళ్లి, మరో మెక్సికో కుడ్యచిత్రకారుడు డియేగో రివేరా 1928లో వేసిన ‘ఆయుధాగారంలో’ అన్న చిత్రాన్ని చూడాలి. అక్కడ ఎర్ర చొక్కాతో చిత్రకారిణి ఫ్రిదా కాలో ఆయుధాలు పంచుతూ కనిపిస్తుంది. గుర్తుపట్టగల ముఖాలు మరికొన్ని కూడా ఉన్నాయి. వీలైతే అదే రోజు తిరిగి శాన్ ఇల్దెఫోన్సోకు వచ్చి, ముఖాలు లేని ఆ ముగ్గురి ముందు మరో పది నిమిషాలు నిలబడాలి.