ప్యారలల్ బిల్డ్ మధ్యలో ఆగిపోతుంటే: సమస్య - పరిష్కారం

సమస్య: 8 జీబీ మెమరీ ఉన్న ల్యాప్‌టాప్‌లో సీ++ ప్రాజెక్టు ప్యారలల్ బిల్డ్ పెట్టారు, అంటే చాలా ఫైళ్లను ఒకేసారి కంపైల్ చేయించారు. సగం దాకా బాగానే వెళ్లి ‘కిల్డ్ సిగ్నల్ టెర్మినేటెడ్ ప్రోగ్రామ్ సీసీ1ప్లస్’ అని ఆగింది (సీసీ1ప్లస్ అంటే సీ++ కంపైలర్). మళ్లీ నడిపితే ఇంకో ఫైలు దగ్గర ఆగింది.

కారణం: ఆగే చోటు మారుతోందంటే కోడ్ మీద కన్నా మెమరీ మీదే ముందు అనుమానపడాలి. మెమరీ చాలక లినక్స్ కెర్నల్ (సిస్టమ్ మూల ప్రోగ్రామ్) కంపైలర్‌ను చంపేసి ఉంటుంది. కెర్నల్ సందేశాలు చూపే ‘సుడో డీమెసెజ్’ కమాండ్ కొట్టి చూస్తే ‘అవుట్ ఆఫ్ మెమరీ’ అన్న లైను దొరుకుతుంది. డాకర్ లాంటి కంటైనర్‌లో అయితే తరచు 137 ఎగ్జిట్ కోడ్ వస్తుంది: 128కి సిగ్నల్ నంబరు 9 కలిపితే అంతే.

జాబ్‌ల (ఒకేసారి నడిచే పనుల) సంఖ్య ప్రాసెసర్ కోర్లను చూసి పెట్టడం వల్లే ఎక్కువగా ఈ తిప్పలు. బిల్డ్ నడిపే టూళ్లలో నింజా తనంతట తాను కోర్ల కన్నా రెండు ఎక్కువే నడుపుతుంది. ఇంకో టూల్ మేక్‌కి జాబ్‌ల సంఖ్య చెప్పే ‘-జె’ని అంకె వేయకుండా ఉత్తగా ఇస్తే హద్దే ఉండదు. టెంప్లేట్లు దట్టంగా ఉన్న ఫైలు ఒక్కటే 1, 2 జీబీ తినేయగలదు. దాళ్వాకి నీళ్లు చాలనప్పుడు అన్ని కాలువలకీ ఒకేసారి వదిలితే శివారు చేలకు అందదనే కదా డెల్టాలో వంతులవారీ పెడతారు. మెమరీకీ వంతు వేయాల్సిందే.

పరిష్కారం: ‘ఫ్రీ -హెచ్’ కొట్టి ‘అవైలబుల్’ కాలమ్ చూడండి, పక్కనున్న ‘ఫ్రీ’ అంకెను నమ్మకండి. జీబీల్లో ఉన్న ఆ అంకెను 2తో భాగించండి. 5 జీబీ ఉంటే ‘మేక్ -జె2’. బ్రౌజర్ మూసేస్తే ఇంకో జాబ్‌కి చోటు దొరకవచ్చు. సీ ఫైళ్లు తక్కువే తింటాయి, వాటికి ఇంకాస్త పెంచుకోవచ్చు. మేక్ ‘-ఎల్’ ఆప్షన్ చూసేది ప్రాసెసర్ లోడ్‌నే, మెమరీని కాపాడదు.

-జె2 ఇచ్చినా, నడుస్తున్న ప్రోగ్రామ్‌లను చూపే ‘టాప్’లో పది కంపైలర్లు కనిపిస్తున్నాయా? లోపలి ఫోల్డర్ మేక్‌ఫైల్లో (మేక్‌కి సూచనలు రాసే ఫైలులో) ఎవరో ‘మేక్ -జె8’ అని నేరుగా రాసి ఉంటారు. అక్కడ ‘మేక్’ బదులు ‘$(MAKE)’ వేరియబుల్ పెట్టి, ఆ -జె8 తీసేయండి.

కంపైలంతా అయ్యి, ముక్కలన్నీ కలిపి ప్రోగ్రామ్ తయారుచేసే లింక్ దగ్గర చస్తుంటే లింక్ జాబ్‌లను విడిగా 1కి కట్టేయండి. ఎల్ఎల్‌విఎం అనే పెద్ద కంపైలర్ ప్రాజెక్టు బిల్డ్‌కి ఇందుకోసమే ‘ప్యారలల్ లింక్ జాబ్స్’ అనే సీమేక్ ఆప్షన్ ఉంది. కంపైలర్‌కి ‘-జి’ బదులు ‘-జి1’ పెడితే డీబగ్ సమాచారం తగ్గి, లింకర్‌కి ఊపిరాడుతుంది.

మొదటి ఐదు నిమిషాలు చురుగ్గా నడిచి తర్వాత నత్తనడక పడితే అది వేడి వల్ల కావచ్చు. మే నెలలో భీమవరం, అమలాపురం ఉక్కపోతకి ఫ్యాను దుమ్ముపట్టి ఉంటే ప్రాసెసర్ తన వేగం తానే తగ్గించుకుంటుంది. పరుపు మీంచి తీసి బల్ల మీద పెట్టండి, గాలి దారులు శుభ్రం చేయండి, ఒక జాబ్ తగ్గించండి.

కరెంటు పోయి వచ్చాక లింకర్ ‘ఫైల్ నాట్ రికగ్నైజ్డ్’ అంటే సగంలో ఆగిన ఆబ్జెక్ట్ ఫైళ్లు (కంపైలర్ తయారుచేసే ‘.ఓ’ ఫైళ్లు) ఉన్నట్టు. బిల్డ్ ఫోల్డర్‌లో సున్నా సైజు ‘.ఓ’ ఫైళ్లు వెతికి తీసేసి మళ్లీ నడపండి. అప్పటికీ అదే మాట అంటే లింకర్ పేరు చెప్పిన ఫైలును కూడా తీసేయండి.