పెంకు చదువుదాం – 3: ముందు అంచు, తర్వాతే బొమ్మ

పోయిన పాఠంలో పాతకాలపు కుండ పెంకుల రకాలకు పేరు పెట్టే పద్ధతి చూశాం: ముందు చోటు పేరు, వెనక రంగులు. ఈసారి ఒక్క రకాన్నే పట్టుకుందాం. అది మేసా వెర్డే తెలుపుపై నలుపు. అమెరికాలో కొలరాడో, యూటా, అరిజోనా, న్యూ మెక్సికో కలిసే ప్రాంతంలో ప్యూబ్లో అనే ఆదివాసీ జనం సుమారు 1180 నుంచి 1280 దాకా చేసిన కుండలివి. డెన్వర్‌లో ఉండే మనవాళ్లు లాంగ్ వీకెండ్‌కు వెళ్లి ఫోటోలు దిగే, మేసా వెర్డేలో కొండచరియ కింద కట్టిన క్లిఫ్ ప్యాలెస్ ఇళ్లలో జనం కాపురమున్న రోజులు కూడా అవే.

పెంకు కనిపించగానే కళ్లు బొమ్మ మీదికే పోతాయి. నావీ అంతే. మొదట్లో దట్టమైన బొమ్మల పట్టీ ఒకటి కనిపిస్తే చాలు, మేసా వెర్డే అని రాసేసేవాణ్ణి. చాలావరకు తప్పులే. దీనికన్నా ముందే మొదలై, కొంతకాలం దీనితో పాటే నడిచిన మెకెల్మో రకంలోనూ అలాంటి పట్టీలుంటాయి మరి.

అందుకే పెంకును పక్కకు తిప్పి, విరిగిన వైపు నుంచి అంచు, అంటే కుండ మూతి దగ్గరి కొస, చూడండి. గోడ మందంగా పైదాకా వచ్చి, చాకుతో కోసినట్టు బల్లపరుపుగా ఆగిందా? ఆ చదును మీద నల్ల చుక్కలో, పొట్టి అడ్డగీతలో వరసగా ఉన్నాయా? రెండూ ఉంటే దాదాపు దొరికినట్టే. అంచు గుండ్రంగా ఉంటే మెకెల్మో వైపు మొగ్గండి. పైకి పోయేకొద్దీ సన్నబడితే ఇంకా పాతదైన మాంకోస్ రకం కావచ్చు.

ఇప్పుడు భూతద్దం తీయండి. మేసా వెర్డే నలుపు ఎక్కువగా ఆకుపసరుది. బీవీడ్ అనే మొక్కను ఉడకబెట్టి, చిక్కటి పాకం చేసి వాడేవారు. ఆ మొక్క మన వామింటకు చుట్టమే! పసరు కుండ మీది తెల్ల పూతలోకి ఇంకుతుంది కాబట్టి గీత అంచులు కాగితం మీద సిరా పాకినట్టు కాస్త మసకబారతాయి, నలుపు కింద నుంచి కూడా మెరుగు కనిపిస్తుంది. మాంకోస్‌లో ఎక్కువగా వాడింది ఇనుపరాతి పొడి. అది పైనే కూర్చుంటుంది. గీత పదునుగా ఉంటుంది, అక్కడక్కడ రాలిపోతుంది, కాల్చేటప్పుడు గాలి ఎక్కువ తగిలితే ఎర్రబారుతుంది.

బొమ్మ చివర్న చూడండి. గిన్నె లోపల చుట్టూ ఒక పట్టీ, దానికి పైనా కిందా హద్దుగీతలు. చాలాసార్లు లావు గీత ఒకటి, పక్కన సన్నవి కొన్ని. గిన్నె బయటివైపు కూడా చిన్న బొమ్మ ఉంటే మన లెక్కకు ఇంకో బలం.

అక్కడికి వెళ్లినప్పుడు మాత్రం పెంకులు జేబులో వేసుకోకండి. అవి హోపీ, జూనీ లాంటి నేటి ప్యూబ్లో తెగల పూర్వీకులవి. పైగా ప్రభుత్వ భూముల్లో తవ్వి తీయడం 1979 నాటి పురావస్తు రక్షణ చట్టం ప్రకారం నేరం.

హోంవర్క్: మ్యూజియం ఫోటోల్లో పది అంచు ముక్కలు ఎంచుకుని, బొమ్మను చేత్తో మూసి, అంచును బట్టే రకం రాయండి. తర్వాత చెయ్యి తీసి చూసుకోండి. అంచే లేని ముక్క ఎదురైతే ‘తెలుపుపై నలుపు, రకం తేలలేదు’ అని రాసి పక్కన పెట్టండి. వచ్చే పాఠంలో హ్యాండిల్ ఉన్న మగ్గులు.