లైనక్స్ సతాయిస్తోందా? డిస్ట్రో మార్చే ముందు ఇవి చూడండి

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి సపోర్ట్ ఆగింది, పాత ల్యాప్‌టాప్‌ల మీద విండోస్ 11 ఎక్కదు, అందుకే ఇప్పుడు చాలామంది లైనక్స్ వైపు వస్తున్నారు. వచ్చిన వారానికే ఏదో ఒకటి పనిచేయదు, వెంటనే ఉబుంటు తీసేసి మింట్, మింట్ తీసేసి ఫెడోరా. ఇవన్నీ డిస్ట్రోలు, అంటే లైనక్స్‌ని ఒక్కొక్కరు తమ పద్ధతిలో సర్ది ఇచ్చే రకాలు. హార్డ్‌వేర్‌ని నడిపించే అసలు భాగం, అంటే కెర్నల్, అన్నిటికీ ఒక చోటి నుంచే వస్తుందండీ. తేడా అంతా ఏ డెస్క్‌టాప్ (తెర మీద కనిపించే మెనూలు, విండోలు) ఇస్తారు, సాఫ్ట్‌వేర్ ఎంత కొత్తది ఇస్తారు, డ్రైవర్లు ఎంతవరకు ముందే సర్ది పెడతారు అన్న దగ్గరే. మీ సమస్య వీటిలో లేకపోతే ఎన్ని మార్చినా పోదు.

సమస్య: ఆన్ అవడానికి మూడు నిమిషాలు, బ్రౌజర్ తెరిస్తే ఇంకో నిమిషం

మొదటి కారణం డెస్క్‌టాప్. ఉబుంటు, ఫెడోరా రెండూ మామూలుగా గ్నోమ్ అనే డెస్క్‌టాప్‌తో వస్తాయి, 4 జీబీ ర్యామ్‌కి అది బరువు. మింట్‌లో తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్ ఉన్న ఎడిషన్ తీసుకోండి, మింట్‌కి 2 జీబీ కనీసం, 4 ఉంటే ఇబ్బంది ఉండదు. కానీ దీనికంటే ముందు లోపల ఉన్నది పాత హార్డ్‌డిస్కా, ఎస్‌ఎస్‌డీనా చూడండి. మా ఇంట్లో పాత ల్యాప్‌టాప్ మీద నేను నెలలో నాలుగు డిస్ట్రోలు ఎక్కించాను, నాలుగూ నత్తనడకే, చివరికి ఎస్‌ఎస్‌డీ వేయించాక మొదట తీసిపారేసిన ఉబుంటే చకచకా తెరుచుకుంది. ఇక మెషీన్ 32 బిట్‌ది అయితే డెబియన్ అనే మరో డిస్ట్రోలో 13వ వెర్షన్ కోసం వెతక్కండి, ఆ వెర్షన్ నుంచి 32 బిట్ ఇన్‌స్టాలర్ ఇవ్వడం లేదు.

సమస్య: వైఫై నెట్‌వర్క్‌లే కనిపించవు

రెండు కారణాలు, రెండూ ఒకదానికొకటి పూర్తిగా వ్యతిరేకం. పాత ల్యాప్‌టాప్ అయితే సాధారణంగా చిప్‌కి కావాల్సిన డ్రైవర్ ముందే ఉండదు, బ్రాడ్‌కామ్ చిప్‌లలో కొన్నిటికి ఇది మామూలే. ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే నెట్ వస్తుంది, అప్పుడు మింట్‌లో డ్రైవర్ మేనేజర్ తెరిస్తే అదే వెతికి పెడుతుంది. డెబియన్‌లో వైఫై రాదని పాత వీడియోల్లో చెబుతుంటారు, 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి వైఫై చిప్‌కి కావాల్సిన ఫర్మ్‌వేర్ (చిప్‌లో నడిచే సాఫ్ట్‌వేర్) ఇన్‌స్టాలర్‌లోనే ఉంటోంది.

ల్యాప్‌టాప్ ఈ మధ్యే కొన్నదైతే తప్పు కెర్నల్‌ది, మీ చిప్ కంటే అది ముందు తయారైంది. డిస్ట్రో మార్చితే నిజంగా ఫలితం ఉండేది ఇక్కడే. ఫెడోరా దాదాపు ఆరు నెలలకో వెర్షన్ ఇస్తుంది, మధ్యలో కూడా కొత్త కెర్నల్ వస్తూనే ఉంటుంది. పెన్‌డ్రైవ్ నుంచి లైవ్‌గా, అంటే ఇన్‌స్టాల్ చేయకుండానే నడిపి, వైఫై, సౌండ్, టచ్‌ప్యాడ్, స్లీప్ అన్నీ చూసుకున్నాకే ఇన్‌స్టాల్ నొక్కండి.

సమస్య: స్క్రీన్ నల్లగా అయిపోయింది

ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డు ఉంటే ముందు దాన్నే అనుమానించండి. బూట్ మెనూలో ఉబుంటు అయితే సేఫ్ గ్రాఫిక్స్, మింట్ అయితే కంపాటిబిలిటీ మోడ్ ఎంచుకుని లోపలికి వెళ్లి, ఎన్‌విడియా డ్రైవర్ వేయండి. సెక్యూర్ బూట్ (నమ్మకం లేని సాఫ్ట్‌వేర్‌ని ఆన్ అయ్యేటప్పుడే ఆపే ఏర్పాటు) ఆన్‌లో ఉంటే ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది, రీస్టార్ట్ చేయగానే నీలం తెర వస్తుంది, టెన్షన్ పడకుండా అక్కడ ఎన్‌రోల్ ఎంఓకే ఎంచుకుని అదే పాస్‌వర్డ్ కొట్టండి. ఆ తెరని దాటేస్తే డ్రైవర్ లోడ్ కాదు.

సమస్య: కొన్ని నెలలకే అప్‌డేట్‌లు ఆగిపోయాయి

ఉబుంటులో ఎల్‌టీఎస్ (ఎక్కువ ఏళ్లు సపోర్ట్ ఉండేది) కాని వెర్షన్‌కి 9 నెలలే సపోర్ట్, ఫెడోరాకి సుమారు 13 నెలలు. అమ్మానాన్నల కంప్యూటర్‌లో వేస్తున్నారంటే ఎల్‌టీఎస్ అయిన ఉబుంటు 24.04 గానీ, దాని మీదే కట్టిన మింట్ 22 గానీ వేయండి, రెండిటికీ 2029 వరకు అప్‌డేట్‌లు వస్తాయి.

సమస్య: విండోస్‌లోకి వెళ్తే గడియారం ఐదున్నర గంటలు వెనక్కి

డ్యూయల్ బూట్ (ఒకే మెషీన్‌లో విండోస్, లైనక్స్ రెండూ) పెట్టుకున్నవాళ్లకి ఇది ఏ డిస్ట్రోలోనైనా వస్తుంది. లైనక్స్ మదర్‌బోర్డ్ గడియారంలో యూటీసీ (మన టైమ్ కంటే ఐదున్నర గంటలు వెనకుండే అంతర్జాతీయ సమయం) రాస్తుంది, విండోస్ దాన్నే మన టైమ్ అనుకుంటుంది. టైమ్‌డేట్‌సీటీఎల్ కమాండ్‌తో లోకల్ ఆర్‌టీసీ (మదర్‌బోర్డ్ గడియారంలో మన టైమే ఉంచడం) విలువని 1 చేస్తే సరిపోతుంది.

సమస్య: అను ఫాంట్లతో చేసిన పాత ఫైళ్లు గజిబిజిగా కనిపిస్తున్నాయి

అవి యూనికోడ్ (ఇప్పుడు అన్నిచోట్లా వాడే ఒకే అక్షరాల పద్ధతి) ఫాంట్లు కావు, అను స్క్రిప్ట్ మేనేజర్ విండోస్ కోసం చేసింది, పేజ్‌మేకర్‌కి లైనక్స్ వెర్షన్ లేదు. డీటీపీ పనే మీ బతుకుతెరువైతే ఆ మెషీన్‌లో విండోస్ తీయకండి, నెట్‌కి కలపకుండా దాన్ని పనికే ఉంచి, లైనక్స్ వేరే ల్యాప్‌టాప్‌లో పెట్టుకోండి.